ఒకే గేమ్‌కి 9, అదే గేమ్‌కి 4: మార్కులు వేసేవాళ్ల కథ

ఈ ఎపిసోడ్ మా తమ్ముడి వల్ల వచ్చింది. తమ్ముడంటే మా బాబాయి కొడుకు. ఖమ్మంలో ఉంటాడు, ఇంజినీరింగ్ రెండో ఏడు. మొన్న రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో రెండు స్క్రీన్‌షాట్లు పంపాడు. రెండూ సైబర్‌పంక్ 2077 రివ్యూలే. రెండూ ఐజీఎన్ అనే ఒకే వెబ్‌సైట్‌వి, రెండూ 2020 డిసెంబర్‌లో వచ్చినవి. ఒకదాంట్లో పదికి 9 ఉంది. ఇంకోదాంట్లో పదికి 4. కింద మెసేజ్: "అన్నయ్యా, గేమ్ సేల్‌లో ఉంది, కొనాలా వద్దా? వీళ్లిద్దరిలో ఎవడు అబద్ధం చెప్తున్నాడు?"

"పొద్దున చెప్తా, పడుకో" అన్నాను. పొద్దున చెప్పలేదు. నాలుగు రోజులు పట్టింది. ఎందుకంటే దీనికి సరైన జవాబు చెప్పాలంటే అసలు గేమ్‌కి మార్కు వేయడం అనే పని ఎక్కడ మొదలైంది, ఆ మార్కు చేతికి ఎవరి పర్సు, ఎవరి ఉద్యోగం చిక్కింది, అదంతా చెప్పుకోవాలి. ఆ కథ మనవాళ్లు తెలుగులో పెద్దగా చెప్పుకోలేదు కాబట్టి, రండి, మొదట్నుంచి చూద్దాం.

ముందు ఒక విషయం. గేమ్ రివ్యూలు పుట్టినప్పుడు మార్కులు లేవు. అమెరికాలో బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్ అని ఇద్దరు స్నేహితులు ‘వీడియో’ అనే పత్రికలో ‘ఆర్కేడ్ ఆలీ’ అని ఒక కాలమ్ రాసేవాళ్లు. పత్రిక అసలు వీసీఆర్‌లూ కేసెట్ల గురించి. అందులో ఒక మూలన గేముల ముచ్చట. ఆ ఇద్దరూ, జాయిస్ వర్లీ కలిసి 1981లో ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ అని పూర్తిగా గేముల కోసమే ఒక పత్రిక పెట్టారు. అదే ఏడాది ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ కూడా వచ్చింది. ఈ రెండోది 1994 దాకా ఏ గేమ్‌కీ మార్కు వేయలేదు. పదమూడేళ్లు! గేమ్ ఎలా ఉందో పేజీలకి పేజీలు రాసేవాళ్లు, చదివి నువ్వే తేల్చుకో అనేవాళ్లు. ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే మనం నేరుగా కిందకి స్క్రోల్ చేసి, నంబర్ కనబడకపోతే ట్యాబ్ మూసేస్తాం. నేనూ అంతే, అబద్ధం ఎందుకు.

ఆ రోజుల్లో గేమ్ అంటే ఒక ప్లాస్టిక్ డబ్బా. మన ఇళ్లలో దాన్ని కేసెట్ అనేవాళ్లం గుర్తుందా? ఆ కేసెట్‌లో చిప్ మీద కోడ్ ఒకసారి ఎక్కిస్తే అంతే. అప్‌డేట్ లేదు, ప్యాచ్ లేదు. బగ్ ఉంటే ఆ బగ్‌తోనే కాపురం. అంటే రివ్యూ రాసేవాడు ఆడిన గేమూ, మీరు కొన్న గేమూ అక్షరం తేడా లేకుండా ఒకటే. ఈ పాయింట్ కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1982 క్రిస్మస్‌కి అటారీ కంపెనీ ‘ఈటీ’ గేమ్ దింపింది. స్పీల్‌బర్గ్ సినిమా ఆ ఏడాది పెద్ద హిట్టు, పండగ లోపల గేమ్ రావాలి. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్‌కి దొరికిన టైమ్ సుమారు ఐదు వారాలు. ఐటీలో పనిచేసిన వాళ్లకి ఈ వాక్యం చదవగానే కడుపులో తిప్పుతుంది. జనం సినిమా పేరు చూసి ఎగబడి కొన్నారు, ఆడి తలపట్టుకున్నారు. అమ్ముడుపోని సరుకును కంపెనీ 1983లో న్యూ మెక్సికోలో అలమగోర్డో అనే ఊరి చెత్త దిబ్బలో పాతిపెట్టింది. చాలా ఏళ్లు ఇదంతా పుకారు అనుకున్నారు. 2014లో తవ్వితే నిజంగానే ఈటీ కేసెట్లు బయటపడ్డాయి, అటారీ వేరే గేములు కూడా వాటితోపాటే. అమెరికాలో గేముల మార్కెట్ ఆ రెండేళ్లలో కుప్పకూలింది. కారణం ఒక్క ఈటీయే అనలేం, షాపుల నిండా చెత్త గేములున్నాయి. కొనేవాడికి ఏది మంచిదో ఏది చెత్తో ముందే చెప్పే దిక్కు లేదు. మార్కు అనేదానికి గిరాకీ పుట్టింది అక్కడే అని నా లెక్క.

ఆ మార్కుని అందంగా వేసింది మాత్రం జపాన్. 1986లో అక్కడ ఫామికామ్ గేముల కోసం ఒక పత్రిక మొదలైంది, ఇప్పుడు దాని పేరు ఫామిత్సు. అందులో ‘క్రాస్ రివ్యూ’ అని ఒక శీర్షిక. ఒక గేమ్‌ని నలుగురు ఆడతారు. నలుగురూ విడివిడిగా పదికి మార్కు వేస్తారు, మొత్తం 40కి. పక్కనే ఒక్కొక్కరి నాలుగు ముక్కల అభిప్రాయం. ఇందులో నాకు నచ్చేది ఆ నాలుగు అంకెలూ పక్కపక్కనే కనబడటం. ఒకడు 9 వేశాడు, పక్కవాడు 5 వేశాడు అనుకోండి, ఈ గేమ్ కొందరికి పిచ్చిగా నచ్చుతుంది, కొందరికి అస్సలు ఎక్కదు అని ఒక్క చూపులో తెలిసిపోతుంది. 40కి 40 మొదటిసారి వచ్చింది 1998లో, ‘జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్’కి. పత్రిక పెట్టిన పన్నెండేళ్లకి! ఆ తర్వాత 40లు కాస్త సులువుగా రావడం మొదలైందనుకోండి, అది వేరే గోల.

ఫామికామ్ అంటే మనకి సంబంధం లేదనుకోకండి. చిన్నప్పుడు మనం టీవీకి తగిలించి ఆడిన ఆ లోకల్ డబ్బాలు, ‘9999 ఇన్ 1’ అని రాసున్న పసుపు కేసెట్లు, అవన్నీ ఫామికామ్‌కి కాపీలే. మారియో, కాంట్రా, బాంబర్‌మ్యాన్, అన్నీ అక్కడివే. జపాన్‌లో నలుగురు కూర్చుని మార్కులు వేసిన గేములు మన దాకా వచ్చేసరికి మార్కూ లేదు, మాన్యువలూ లేదు, కేసెట్ మీద బొమ్మకీ లోపలి గేమ్‌కీ సంబంధం కూడా లేదు. పక్కింటి అన్న "ఇది బాగుంటుందిరా" అంటే అదే రివ్యూ. పనిచేయకపోతే ఉఫ్ అని ఊదడమే.

తొంభైల్లో పత్రికలు ఎక్కువయ్యాయి, మార్కులూ ఎక్కువయ్యాయి. పదికి కొందరు, వందకి కొందరు, ఏ-బీ-సీ అని కొందరు. బ్రిటన్‌లో ‘ఎడ్జ్’ అనే పత్రిక పిసినారితనానికి పేరు. వాళ్లు మొదటి 10 ఇచ్చింది 1996లో, ‘సూపర్ మారియో 64’కి. మిగతాచోట్ల మాత్రం ఒక వింత జరిగింది. స్కేలు పది దాకా ఉంటుంది కానీ వాడేది 7 నుంచి 10 మాత్రమే. 7 అంటే "పర్లేదు" అని అర్థం కావాలి కదా, జనం దాన్ని "దండగ" అని చదవడం మొదలుపెట్టారు. ఇది మనకి కొత్తేం కాదు. బీటెక్ ఇంటర్నల్స్‌లో క్లాసంతా 22 నుంచి 25 మధ్యే ఉండేవాళ్లు, 21 వచ్చినవాడిని జాలిగా చూసేవాళ్లం. తెలుగు సినిమా రివ్యూల్లో అయితే ఇంకా ఘోరం. అయిదుకి 2.75 అంటే ఒక అర్థం, 3 అంటే ఇంకో అర్థం, ఆ పావు పాయింట్ కోసం ఫ్యాన్స్ రాత్రంతా కొట్టుకుంటారు. 2.75కి, 3కి మధ్యలో ఏముందో రాసినవాడినే అడిగితే చెప్పలేడు.

ఇప్పటిదాకా జరిగింది ఒక ఎత్తు. 2001 జనవరిలో మెటాక్రిటిక్ వచ్చింది. ముగ్గురు కలిసి పెట్టిన సైట్. ఐడియా చాలా సింపుల్. పత్రికలూ సైట్లూ ఇచ్చిన మార్కులన్నీ పోగేసి, అన్నీ వందకి మార్చి, సగటు తీసి, ఒక్క నంబర్ చూపించడం. గేములకి 75, ఆపైన వస్తే పచ్చ, 50 నుంచి 74 పసుపు, దాని కింద ఎరుపు. ట్రాఫిక్ లైటు.

నేను కోడ్ రాసుకుని బతికినవాడిని కాబట్టి ఇక్కడ కాస్త లెక్కలు మాట్లాడతా, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. ఒక గేమ్‌కి నలుగురు రివ్యూయర్లు 10, 10, 5, 5 ఇచ్చారు. ఇంకో గేమ్‌కి నలుగురూ తలా 7.5 ఇచ్చారు. రెండింటి సగటూ 7.5. కానీ రెండూ ఒకే రకం గేములా? మొదటిది సగం మందికి జీవితంలో మర్చిపోలేని గేమ్. రెండోది వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఫామిత్సు నాలుగు అంకెలుగా చూపించిన విషయాన్ని సగటు మింగేసింది. పైగా మెటాక్రిటిక్‌ది మామూలు సగటు కాదు. కొన్ని పత్రికలకి బరువు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. ఎవరికి ఎంతో బయటకి చెప్పరు. ఇంకొకటి, రివ్యూయర్ తర్వాత మనసు మార్చుకుని మార్కు మార్చినా వాళ్లు తీసుకోరు, మొదట వేసిందే లెక్క. కంపెనీలు ఒత్తిడి చేసి మార్కు మార్పించకూడదని పెట్టుకున్న రూల్ అది. ఉద్దేశం మంచిదే. కానీ దానివల్ల మార్కు రాయి మీద చెక్కినట్టు అయిపోయింది, అదీ గేములు ఇంటర్నెట్‌లో ప్యాచ్‌లు వేసుకుంటూ మారడం మొదలైన కాలంలో.

సరే, నంబర్ పుట్టింది. పుట్టిన నంబర్‌కి కోరలు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2010 అక్టోబర్‌లో ‘ఫాల్అవుట్: న్యూ వెగాస్’ వచ్చింది. చేసింది ఆబ్సిడియన్ అనే స్టూడియో, డబ్బు పెట్టింది బెథెస్డా. ఆబ్సిడియన్‌లో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో ట్విట్టర్‌లో ఒక సంగతి బయటపెట్టాడు. ఆ ఒప్పందంలో స్టూడియోకి రాయల్టీ లేదు, కట్టాల్సింది కట్టేశారు. బోనస్ మాత్రం మెటాక్రిటిక్‌లో 85 వస్తేనే. వచ్చింది 84.

84! ఎక్కడో ఒక రివ్యూయర్ బగ్గులు చూసి విసుగొచ్చి 8 బదులు 7 వేసుంటాడు, తన పాఠకులకి నిజాయితీగా ఉందామనుకున్నాడు. అది బోనస్ తీసేసే మీట అని పాపం అతనికేం తెలుసు. అదే న్యూ వెగాస్‌ని ఇప్పుడు ఆ తరహా గేముల్లో గొప్పవాటిలో ఒకటిగా చెప్పుకుంటారు. నన్నడిగితే దాని కథ, డైలాగుల ముందు ఆ ఏడాది 90లు తెచ్చుకున్న చాలా గేములు నిలబడవు.

దీని మీద నాకంత కోపం ఎందుకంటే, నేనూ ఇలాంటి పాపం చేశాను. ఉద్యోగం చేసే రోజుల్లో మా టీమ్ ఒక యాప్ చూసేది. కంపెనీ పేరు వద్దు. ప్లే స్టోర్‌లో రేటింగ్ 4.3 దాటితేనే మా వేరియబుల్ పే పూర్తిగా వస్తుంది. మేమేం చేశాం? యాప్ బాగుచేయడానికి ఆరు నెలలు పడుతుంది. "మాకు రేటింగ్ ఇవ్వండి" అనే పాపప్‌ని పేమెంట్ సక్సెస్ అయిన తర్వాత మాత్రమే వచ్చేలా చేయడానికి ఒక మధ్యాహ్నం చాలు. పేమెంట్ ఫెయిలై తిట్టుకుంటున్నవాడికి ఆ పాపప్ అసలు కనబడదు. ఆ కోడ్ రాసింది నేనే. రేటింగ్ పెరిగింది, డబ్బులొచ్చాయి, ఆ డబ్బులతో మానిటర్ కూడా కొన్నాను. యాప్ మాత్రం అలాగే ఏడుస్తూ ఉండేది. నంబర్‌కి డబ్బు కడితే జనం నంబర్‌ని బాగుచేస్తారు, వస్తువుని కాదు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు.

ఇప్పుడు అవతలి వైపు చూద్దాం, మార్కు వేసేవాడి వైపు.

జెఫ్ గెర్స్ట్‌మన్ అని గేమ్‌స్పాట్ సైట్‌లో సీనియర్. 2006లో అతను ‘జెల్డా: ట్వైలైట్ ప్రిన్సెస్’కి 8.8 ఇచ్చాడు. చదవండి మళ్లీ, పదికి 8.8. ఫ్యాన్స్ ఇంటర్నెట్ తగలబెట్టేశారు. తొమ్మిది ఎందుకు ఇవ్వలేదు, పాయింట్ రెండు ఎక్కడ తగ్గింది అని. ఇప్పటికీ "8.8" అంటే పాత గేమర్లు నవ్వుతారు. అది తమాషా వరకే.

2007 నవంబర్‌లో ‘కేన్ అండ్ లించ్: డెడ్ మెన్’ అనే షూటర్ వచ్చింది, ఈడోస్ కంపెనీది. గెర్స్ట్‌మన్ దానికి 6.0 ఇచ్చాడు. వాళ్ల స్కేలు ప్రకారం 6 అంటే "ఫర్వాలేదు". అదే సమయంలో గేమ్‌స్పాట్ మొదటి పేజీ మొత్తం ఆ గేమ్ యాడ్‌తోనే నిండిపోయి ఉంది. ఎడమ పక్క అదే, కుడి పక్క అదే, వెనక వాల్‌పేపర్ అదే. మధ్యలో ఈయన వేసిన 6. ఆ నెలాఖరులో అతని ఉద్యోగం పోయింది.

అప్పట్లో కంపెనీ దీనికీ యాడ్‌లకీ సంబంధం లేదంది. అతను చట్టపరమైన ఒప్పందం వల్ల నోరు విప్పలేకపోయాడు. తోటివాళ్లు కొందరు తర్వాతి నెలల్లో తామే రాజీనామా చేశారు. వాళ్లలో కొందరితో కలిసి 2008లో జెయింట్ బాంబ్ అనే సొంత సైట్ పెట్టాడు. అసలు ట్విస్ట్ 2012లో. గేమ్‌స్పాట్ యజమాన్యమే ఆ జెయింట్ బాంబ్‌ని కొనేసింది! మన సినిమాల్లో ఇంటర్వెల్‌కి ఇలాంటిది పెడితే నమ్మం. ఆ సందర్భంగా పాత ఒప్పందం తీసేశారు కాబట్టి అతను మాట్లాడాడు. యాడ్‌లు ఇచ్చే కంపెనీల నుంచి ఒత్తిడి ఉండేదని, కొత్తగా వచ్చిన మేనేజ్‌మెంట్‌కి దాన్ని తట్టుకోవడం చేతకాలేదని చెప్పాడు.

నేను స్పాన్సర్లతో వీడియోలు చేస్తాను, మీకు తెలుసు. గేమ్ కంపెనీల దగ్గర మాత్రం తీసుకోను. అది గొప్పతనం కాదు, భయం. 6 వేయాల్సిన చోట నా చెయ్యి 7 వైపు జరుగుతుందేమోనని. నా మీద నాకే అంత నమ్మకం లేదు.

ఇక మా వాడి స్క్రీన్‌షాట్ల దగ్గరికి వద్దాం. 2020 డిసెంబర్. సైబర్‌పంక్ 2077 కోసం జనం ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్నారు. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్, ‘విచర్ 3’ తీసినవాళ్లు. రిలీజ్‌కి ముందే 80 లక్షల మంది డబ్బు కట్టేశారు. రిలీజ్ డేట్ 10. రివ్యూల ఎంబార్గో 7న ఎత్తేశారు. ఎంబార్గో అంటే ఏం లేదు, కంపెనీ గేమ్‌ని ముందుగా రివ్యూయర్లకి ఇస్తుంది, ఫలానా రోజు ఫలానా టైమ్ దాకా నోరు మెదపకూడదని షరతు. అది మామూలే. ఈసారి ఇంకో రెండు జరిగాయి. రివ్యూయర్లకి ఇచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే. పైగా వాళ్లు ఆడింది రికార్డ్ చేసి చూపించకూడదు, కంపెనీ ఇచ్చిన వీడియోలే వాడాలి.

ఇప్పుడు అర్థమైందా? ఖరీదైన పీసీ మీద ఆడి ఐజీఎన్ 9 ఇచ్చింది. ఆ పీసీ మీద ఆ మార్కు న్యాయమే. గేమ్‌స్పాట్‌లో ఒకావిడ అదే పీసీ వెర్షన్‌కి 7 ఇచ్చింది, బగ్గులు ఎక్కువున్నాయని. ఆవిడ మీద జనం విరుచుకుపడ్డారు. గమ్మత్తేంటంటే, తిట్టినవాళ్లలో దాదాపు ఎవరూ అప్పటికి గేమ్ ఆడలేదు, ఇంకా రిలీజే కాలేదు! మూడు రోజుల తర్వాత పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ ఉన్న జనం గేమ్ ఇన్‌స్టాల్ చేశారు. మొహాలు లోడ్ అవడం లేదు, రోడ్డు మీద కార్లు మాయమవుతున్నాయి, గేమ్ క్రాష్. అప్పుడు ఐజీఎన్ ఆ పాత కన్సోళ్ల మీద ఆడి ఇంకో రివ్యూ రాసింది. 4. మెటాక్రిటిక్‌లో కూడా అంతే, పీసీకి 86, పీఎస్4కి 57. వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి గేమ్‌నే తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో.

కాబట్టి ఐజీఎన్ వాళ్లిద్దరిలో ఎవడూ అబద్ధం చెప్పలేదు. దాచినవాళ్లు మాత్రం ఉన్నారు, వాళ్లు రివ్యూయర్లు కాదు. ఆ వారం రివ్యూయర్లని నేను తప్పుపట్టేది ఒక్కదానికే. కన్సోల్ వెర్షన్ ఇవ్వలేదు అన్న మాట రివ్యూలో నాలుగో పేరాలో కాకుండా మొదటి లైన్‌లో, పెద్దక్షరాలతో ఉండాల్సింది. 80 లక్షల మంది డబ్బు అది.

కథ అక్కడ ఆగలేదు. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చింది, పోలీసులు, స్కిల్ ట్రీ, చాలా భాగం తిరగరాశారు. ‘ఫాంటమ్ లిబర్టీ’ అని కొత్త కథ కూడా. ఇప్పుడు ఆడితే ఇది వేరే గేమ్. నేను 2024లో ఆడాను, నా దృష్టిలో ఇది ఈ పదేళ్లలో వచ్చిన మంచి ఆర్పీజీల్లో ఒకటి. కానీ 2.0 పాత పీఎస్4కి, ఎక్స్‌బాక్స్ వన్‌కి రాలేదు. పీసీలో కూడా హార్డ్ డిస్క్ మీద సపోర్ట్ ఆపేసి ఎస్ఎస్‌డీ ఉండాల్సిందే అన్నారు. అంటే 9 వచ్చిన గేమ్ ఇంకా బాగుపడింది, 4 వచ్చిన గేమ్ దాదాపు అక్కడే ఆగిపోయింది. పేరు ఒకటే!

ఇందాక గుర్తుపెట్టుకోమన్న కేసెట్ పాయింట్ ఇదే. ‘నో మ్యాన్స్ స్కై’ చూడండి. 2016 ఆగస్టులో వచ్చింది, బ్రిటన్‌లో హలో గేమ్స్ అనే చిన్న టీమ్‌ది. చెప్పినవి సగం లేవు, జనం బండబూతులు. పీఎస్4 మీద మెటాక్రిటిక్‌లో 71. ఆ టీమ్ మాట్లాడటం మానేసి పని చేసుకుంటూ పోయింది. ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్‌లు. 2024 నవంబర్‌లో స్టీమ్‌లో జనాల మొత్తం తీర్పు "వెరీ పాజిటివ్"కి మారింది. మెటాక్రిటిక్‌లో 71 మాత్రం 71లాగే కూర్చుంది, చనిపోయినవాళ్ల ఫొటోలో వయసు పెరగనట్టు.

మరైతే విమర్శకుల్ని వదిలేసి జనం తీర్పు నమ్ముదామా? స్టీమ్‌లో 2013 నుంచి యూజర్ రివ్యూలున్నాయి. మార్కు లేదు, బొటనవేలు పైకా కిందికా, అంతే. పక్కనే వాడు ఎన్ని గంటలు ఆడాడో కనిపిస్తుంది. ఇది చాలా మంచి డిజైన్. కానీ జనం ఎప్పుడూ గేమ్ గురించే ఓటు వేయరు. 2024 మేలో ‘హెల్‌డైవర్స్ 2’ ఆడేవాళ్లు సోనీ అకౌంట్ తప్పనిసరి అనగానే రెండు లక్షలకి పైగా నెగెటివ్ రివ్యూలు కొట్టారు. మూడు రోజుల్లో సోనీ వెనక్కి తగ్గింది. గేమ్ మారలేదు, అది ధర్నా. పనిచేసిన ధర్నా. 2025 సెప్టెంబర్‌లో ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ వచ్చినప్పుడు ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంటే చైనావాళ్లు మాత్రం నెగెటివ్ వేశారు. కారణం, చైనీస్ అనువాదం నాసిరకం. వాళ్లది న్యాయమైన ఫిర్యాదే. అది ఇంగ్లీషు రివ్యూయర్ ఎవడికీ ఎప్పటికీ కనబడదు.

ధర్నాలు మనమూ చేశాం లెండి. 2020 మేలో యూట్యూబ్ వర్సెస్ టిక్‌టాక్ గొడవలో టిక్‌టాక్ రేటింగ్‌ని నాలుగు పైనుంచి ఒకటిన్నర కిందికి లాగింది మన దేశమే. గూగుల్ లక్షలకొద్దీ రివ్యూలు తీసేయాల్సి వచ్చింది. గేముల విషయానికొస్తే మన దగ్గర పడిన పెద్ద తీర్పు ఏ విమర్శకుడిదీ కాదు. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్ సహా 118 యాప్‌ల మీద నిషేధం. ఆ గేమ్ బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది 2021 జూలైలో. ఊళ్లకి ఊళ్లు ఆడిన గేమ్ అది. దాని గురించి నాలుగు పేజీల మంచి రివ్యూ నేను ఏ భాషలోనూ చదివిన గుర్తు లేదు. ఉచిత మొబైల్ గేమ్ అంటే పెద్ద రివ్యూ సైట్లకి చులకన. అంటే మనం ఆడేవి వాళ్లు రాయరు, వాళ్లు రాసేవి మనలో చాలామంది కొనలేరు.

చివరగా జానర్ గొడవ. 2024 ఒక్కదాన్నే తీసుకోండి. ‘బలాట్రో’ ఒకే ఒక్క మనిషి చేసిన పేక ముక్కల గేమ్, 90 దగ్గర వచ్చింది. ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ చైనా పురాణం మీద భారీ యాక్షన్ గేమ్, 80ల మొదట్లో ఆగింది, మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైంది. ‘కాంకార్డ్’ ఆన్‌లైన్ షూటర్, 60ల్లో వచ్చింది, ఆగస్టు 23న రిలీజై సెప్టెంబర్ 6న మూతపడింది. నా తీర్పు అడిగితే: బలాట్రోకి 90 తక్కువే, నా నిద్ర సాక్షి. వుకాంగ్‌లో బాస్ ఫైట్లు అద్భుతం, మధ్యలో దారి తప్పి అదృశ్య గోడలకి గుద్దుకోవడం నరకం, కాబట్టి 80 అన్నవాడు తప్పు చెప్పలేదు. కాంకార్డ్ 60 అంత ఘోరం ఏమీ కాదు, తుపాకులు బాగానే పేలేవి. కానీ ఆన్‌లైన్ గేమ్‌కి ఎదురుగా ఆడే మనుషులు కావాలి. అది ఎంత మందిని రప్పిస్తుందో రిలీజ్ రోజు రాసిన రివ్యూ ఎలా కొలుస్తుంది? ముగ్గురినీ ఒకే స్కేలు మీద నిలబెట్టి ఎత్తు కొలవడం, ఇడ్లీనీ బిర్యానీనీ జ్యూస్‌నీ ఒకే పోటీలో పెట్టినట్టు. ఈ విసుగుతోనే యూరోగేమర్ సైట్ 2015లో మార్కులు ఎత్తేసింది. 2023లో మళ్లీ అయిదు నక్షత్రాలు పెట్టుకుంది. పాఠకుల కళ్లు నంబర్‌నే వెతుకుతాయి మరి.

నాలుగు రోజుల తర్వాత మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఇదంతా చెప్దామని నోట్స్ కూడా పెట్టుకున్నా. ముందు ఒకటి అడిగాను.

"ఒరేయ్, నీ లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ ఉందా, హార్డ్ డిస్కా?"

"హార్డ్ డిస్కే అన్నయ్యా. నాన్న కొన్నది కదా, సెకండ్ హ్యాండ్."

"అయితే ఆ 9 నీకు కాదు. గేమ్ ముట్టుకోకు. ముందు ఎస్ఎస్‌డీ వేయించు, సేల్ మళ్లీ వస్తుంది. అప్పుడు కొను. కొన్న పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటలు దాటకుండా ఆడి చూడు, నడవకపోతే స్టీమ్‌లో రీఫండ్ పెట్టు. రివ్యూ చదివేటప్పుడు కూడా నంబర్ తర్వాత చూడు, ఏ మెషీన్ మీద ఆడాడు, ఏ తారీఖున రాశాడు, అది ముందు చూడు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "సరే అన్నయ్యా, ఎస్ఎస్‌డీల్లో ఏది మంచిది? ఒకదానికి 4.1 ఉంది, ఇంకోదానికి 4.4 ఉంది."